వంగ మొక్కకు పత్తి మందా?

పోయిన నెల మండల కమిటీ సమావేశంలో పెరటి కూరగాయల పురుగుల సంగతి ఎజెండాలో చేర్చమని అడిగితే ఒక పాత మిత్రుడు నవ్వారు. "పత్తికి ధర లేదు, పట్టాల గోస తీరలేదు, అప్పు మాఫీ సగంలనే ఉన్నది. నువ్వు వంకాయ పురుగు కాడికి వచ్చినవా?" అన్నారు. ఆయనతో పాటు ఇంకో నలుగురు నవ్వారు. వెనక బెంచీ మీద కూర్చున్న ఆడవాళ్ళు మాత్రం నవ్వలేదు. సమావేశం ముగిశాక వాళ్ళలో ఇద్దరు దగ్గరికొచ్చి చెప్పిన మాటలే ఈ వ్యాసం రాయడానికి కారణం.

ఇద్దరిదీ పటాన్‌చెరు పక్క ఊళ్ళే. ఒకామెకు ఇంటి వెనక అరవై గజాల జాగా. నాలుగు వంగ, ఆరు బెండ, ఒక చిక్కుడు పందిరి, బీర తీగ, బాయికాడ పుదీన, గోడ పక్కన కరివేపాకు చెట్టు. వంగ కొమ్మలు వాలిపోతున్నాయని ఒక కొమ్మ తుంచుకొని పురుగుమందుల దుకాణానికి పోయింది. దుకాణదారు ఆ కొమ్మ వైపు చూసిందీ లేదు. "అక్కా, ఇది కొట్టు, రెండు రోజులల్ల సాఫ్ అయితది" అని పెద్ద డబ్బాలోంచి ఒక చిన్న సీసాలోకి వంచి ఇచ్చాడు. "ఎంత కలపాలె సేటూ?" అంటే "బకెట్‌కు ఒక మూత" అన్నాడు. సీసా మీద పేరు లేదు, ఏ పంటకో లేదు, ఎన్ని రోజులు ఆగి కోయాలో లేదు. రశీదు అడగాలని ఆమెకు తెలియదు, ఇవ్వాలని అతనికి తోచలేదు. సాయంత్రం చీపురుతో చల్లింది. పొద్దున్నే అదే పెరట్లో కరివేపాకు తెంపి పప్పులో తాలింపు వేసింది.

రెండో ఆమె అనుభవం ఇంతకంటే చేదు. చల్లగా మిగిలిన మందు వంటింటి గూట్లో పెట్టింది. దాన్ని కోపంలో ఎవరు చేతిలోకి తీసుకున్నారో, ఎలా గుంజుకున్నారో ఆమె చెప్పింది గానీ నేను రాయను. పల్లెలో పెరిగిన వాళ్ళకు విప్పి చెప్పనక్కర లేదు.

ఇప్పుడు నవ్విన మిత్రులను అడుగుతున్నాను. 2010లో ఇదే వంకాయ పురుగు పేరు చెప్పి బీటీ వంకాయను దేశం మీదికి తేబోయినప్పుడు, హైదరాబాద్‌లో జరిగిన బహిరంగ విచారణకు రైతు సంఘాల వాళ్ళు ఎందుకు పోయారు? ఆ ఫిబ్రవరిలో కేంద్రం దాన్ని నిలిపివేస్తే ఎందుకు సంబరపడ్డాం? కంపెనీ విత్తనంతో వస్తే వంకాయ రాజకీయం, అదే కంపెనీ సీసాతో వస్తే ఆడవాళ్ళ ముచ్చటా?

ముందు ఆ 'ఒక మూత' లెక్క చూద్దాం. ఎకరానికి 4,840 గజాలు. అరవై గజాల పెరడు అంటే ఎకరంలో ఎనభయ్యో వంతు. కంపెనీ కాగితం మీద ఎకరానికి 400 మిల్లీలీటర్లని రాసి ఉంటే ఆ పెరటికి కావలసింది 5 మిల్లీలీటర్లు. అది కూడా పెరడంతా ఒకే పంట అయితే. నాలుగు వంగ మొక్కలకు చుక్కల్లో కొలవాలి. చుక్కల్లో కొలిచే సాధనం ఏ ఇంట్లో ఉంది? పత్తి చేనుకోసం తయారైన సరుకును మూతతో కొలిచి తాలింపు ఆకు మీద చల్లిస్తున్నారు. పుదీన, గోంగూర, కరివేపాకు పేర్లు ఆ సీసాల కాగితాల మీద కనబడటమే అరుదు. ఒక మందును ఏ పంటకు వాడవచ్చో, చల్లాక ఎన్ని రోజులు ఆగి కోయాలో పంటవారీగా పరీక్షించి అనుమతిస్తారు. పెరట్లో ఆకుకూరకు ఆగడమనే మాటే కుదరదు. పొద్దున చూసి, పగటికి తెంపి, సాయంత్రానికి కూర చేస్తాం. మార్కెట్‌కు పోయే పంటలో మందు కొట్టిన రోజుకూ తినే రోజుకూ మధ్య లారీ, మండీ, బండి ఉంటాయి. పెరట్లో ఆ ఎడం కూడా లేదు.

చట్టం లేదా అంటే ఉంది. 1968 క్రిమిసంహారక మందుల చట్టం, 1971 నిబంధనలు. లైసెన్సు లేకుండా అమ్మరాదు, కంపెనీ సీలు ఉన్న ప్యాకింగులోనే అమ్మాలి, రశీదు ఇవ్వాలి. విడిగా వంచి పోయడం నేరం. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడరాదని 2005లోనే నిషేధించారు. ఆ తర్వాత కూడా అది పత్తి పేరుతో అదే దుకాణంలో, అదే అరలో ఏళ్ళ తరబడి ఉంది. ఎవరు ఏ మొక్కకు కొడుతున్నారో చూసే నాథుడు లేడు. 2013 జులైలో బీహార్ ఛప్రా దగ్గర బడి మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంట నూనెలో కలిసిందని తేలింది ఈ మోనోక్రోటోఫాసే. మందు డబ్బా వంట సామానుకు దగ్గరగా వస్తే ఏమవుతుందో దేశం మొత్తం చూసింది. అయినా మన దుకాణాల్లో చిన్న సీసాల్లోకి వంచడం ఆగలేదు.

పెరటి మందు అంటే చిన్న సంగతి అనుకునేవాళ్ళు భోపాల్‌ను కూడా గుర్తు చేసుకోవాలి. 1984 డిసెంబర్ 2 రాత్రి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి లీకైన మిక్ వాయువు దేనికోసం? సెవిన్ అనే పురుగుమందు తయారీకి. అమెరికాలో ఇంటి తోటల్లో, టమాటా మొక్కల మీద చల్లుకునే పొడిగా ఆ పేరు ఇంటింటికీ తెలుసు. భోపాల్‌లో వేలమంది చచ్చిపోయాక కూడా ఆ మందును మన దేశంలో నిషేధించడానికి 2018 వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళు!

సరే, విషమైనా పురుగును చంపిందా అంటే అదీ లేదు. వంగ కొమ్మ, కాయ తొలిచే పురుగు గుడ్డులోంచి బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే కొమ్మలోకో కాయలోకో దూరుతుంది. లోపల కూర్చున్న దానికి బయట కొట్టిన మందు తగలదు. కొమ్మ వాలిందంటే పురుగు లోపల ఉందని గుర్తు. ఆ కొమ్మను వాలిన చోటికి రెండు వేళ్ళ కింద తుంచి కాల్చేయాలి. తొలిచిన కాయలను పెంటకుప్పలో వేయకుండా కాల్చడమో, లోతుగా పూడ్చడమో చేయాలి. పెంటకుప్పలో వేస్తే పురుగు అక్కడే గూడు కట్టుకొని రెక్కల పురుగై మళ్ళీ మీ వంగ మీదికే వస్తుంది. నాలుగు మొక్కలకు ఇది రోజుకు ఐదు నిమిషాల పని. ఇరవై ఎకరాల వంగ తోటకు చేయలేం, ఒప్పుకుంటాను. కానీ పెరడు ఇరవై ఎకరాలు కాదు కదా. చేతికి అందేంత చిన్నదిగా ఉండటమే పెరటి బలం. ఆ బలాన్ని మరిపించి చేను పద్ధతిని పెరట్లోకి తెచ్చింది మందుల వ్యాపారం.

మిరప ముడత సంగతి చూడండి. ఆకులు పైకి దొన్నెలా ముడిస్తే తామర పురుగు. కిందికి బోర్లించిన పడవలా ముడిస్తే నల్లి. రెండూ వేర్వేరు జీవులు. దుకాణంలో రెండింటికీ ఒకటే 'ముడత మందు'. పురుగును చంపే మందు చాలాసార్లు నల్లిని ఏమీ చేయదు. పైగా నల్లిని తినే జీవులను చంపి నల్లికి మేలు చేస్తుంది. మన ప్రాంతంలో నల్లికి ఇంకో చుట్టం ఉంది, దుమ్ము. పాశమైలారం, ఇస్నాపూర్ రోడ్ల పక్క ఇళ్ళల్లో ఏ ఆకు మీద వేలు పెట్టినా బూడిద రంగు అంటుకుంటుంది. దుమ్ము పట్టిన ఆకు మీద ఎర్రనల్లి బాగా పెరుగుతుంది. దానికి మందు కంటే ముందు చేయాల్సింది ఆకు అడుగు భాగం తడిసేలా నీళ్ళతో కడగడం. లారీలు లేపే దుమ్ముకు ఆడబిడ్డ డబ్బులు పెట్టి విషం కొనడం ఏం న్యాయం?

చిక్కుడుకు పట్టే పేనుబంక ఇంకో ఉదాహరణ. నల్లగా కొనల నిండా పట్టగానే భయపడతాం. అక్కడే కాసేపు నిలబడి చూస్తే ఎర్రటి డొప్ప మీద నల్ల చుక్కలున్న అక్షింతల పురుగులు కనిపిస్తాయి. వాటి పిల్లలు ముళ్ళ ముళ్ళగా చిన్న మొసళ్ళలా ఉంటాయి. చాలామంది వాటినే చీడ అనుకొని నలిపేస్తారు. పేనుబంకను తినేవి అవే. వాటిని బతకనిచ్చి, మరీ ఎక్కువగా ఉన్న కొనలు తుంచి, మిగతా వాటి మీద పలుచటి సబ్బు నీళ్ళు కొడితే చాలు. మన అమ్మమ్మలు తెల్లవారి మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద చల్లేవాళ్ళు. ఇప్పుడు గ్యాసు పొయ్యి వచ్చి బూడిదే కరువైంది, అది వేరే సంగతి.

బెండ పల్లాకు తెగులుకు మందే లేదు. అది వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. ఆకు ఈనెలు పసుపెక్కిన మొదటి మొక్కను పీకేయాలి. పాత రేకు ముక్కకు పసుపు రంగు వేసి ఆముదం పూసి మొక్కల మధ్య కట్టెకు తగిలిస్తే తెల్లదోమ దానికి అంటుకుంటుంది. బీర, కాకరకు పండు ఈగ ఉంటే పిందె దశలోనే కాగితం సంచి తొడగాలి, కుళ్ళి రాలిన కాయలను ఏ రోజువి ఆ రోజు పూడ్చాలి. లద్దె పురుగు గుడ్లను ఆకు కింద కుప్పగా పెడుతుంది. ఆ ఒక్క ఆకు తెంపేస్తే వందల పురుగులు పోయినట్టే.

ఇవన్నీ చేశాక కూడా మిగిలితే వేప కషాయం ఉంది. ఆషాఢంలో మన ఊళ్ళ రోడ్ల మీద వేప పండ్లు చెప్పుల కింద నలిగిపోతాయి. వాటిని ఏరి, గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి ఉంచుకోవాలి. లీటరు నీళ్ళకు 50 గ్రాముల గింజల పప్పు దంచి, పలుచటి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి, కొద్దిగా సబ్బు కలిపి సాయంత్రం పూట కొట్టాలి. ఎండకు దాని శక్తి పోతుంది, అందుకే సాయంత్రం. ఇది పురుగును అక్కడికక్కడే పడగొట్టదు. తిండి మానిపిస్తుంది, ఎదగనివ్వదు. మరునాడే పురుగు కనిపించిందని "వేప పనిచేయలేదు" అనేవాళ్ళు నాలుగు రోజులు ఓపిక పట్టాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మన వాళ్ళలో కొందరు సేంద్రియమంటూ పొగాకు కషాయం చేయిస్తున్నారు. ఆకులో నుంచి వచ్చినంత మాత్రాన అది మంచిది కాదు. పొగాకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోయే విషం. తినే ఆకుకూర మీద దాన్ని చల్లమని చెప్పేవాళ్ళను నమ్మొద్దు, వాళ్ళు మన సంఘం వాళ్ళైనా సరే.

ఇదంతా కొత్త విద్య కాదు. 1980ల చివర గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో మందు మీద మందు కొట్టి మిత్ర పురుగులను చంపుకున్నాక తెల్లదోమ ఊళ్ళకు ఊళ్ళను ముంచింది. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులు మన కళ్ళ ముందే జరిగాయి. ఆ దెబ్బల నుంచే పాల్వంచ మండలం పునుకుల పత్తిలో పురుగుమందు మానేసిన ఊరుగా పేరు తెచ్చుకుంది. అక్కడ మగవాళ్ళు వెనకాడినప్పుడు ముందుకు తోసింది మహిళా సంఘాలు. జనగామ వైపు ఏనెబావి ఊరంతా రసాయనాలు వదిలేసింది. మన జిల్లాలోనే, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ చుట్టుపక్కల దళిత మహిళల సంఘాలు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి కొన్ని దశాబ్దాలుగా మందుల్లేని సాగు చేస్తున్నాయి. పటాన్‌చెరు గేటు దగ్గరే 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది. శనగ పచ్చ పురుగును చంపే వైరస్ ద్రావణం మీద, వేప మీద అక్కడ ఏళ్ళ తరబడి పరిశోధన జరిగింది. ఆ గోడకు ఇవతల ఉన్న ఊళ్ళో ఆడమనిషికి మాత్రం పేరు లేని సీసాయే అందింది.

ఇక్కడి దాకా చదివి, నగరంలో మిద్దె తోటల పాఠాలు చెప్పే పెద్దలు "మేం చెప్పేదీ అదే కదా" అనవచ్చు. కాదు. మీరు చెప్పే సేంద్రియానికి మంచి నీళ్ళు ఉన్నాయనే నమ్మకం పునాది. మాకు ఆ పునాదే లేదు. నక్కవాగు, ఇసుకవాగు నీళ్ళ గురించి 1990లో సుప్రీంకోర్టు దాకా పోయాం. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్ళు దశాబ్దాలు కొట్లాడారు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు, దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చే ఇక్కడి శుద్ధి కేంద్రం బయటికి వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని రాస్తే లోకం నోరెళ్ళబెట్టింది. 2009లో బావి నీళ్ళల్లో కూడా మందుల ఆనవాళ్ళు దొరికాయని రాశారు. అదే ఏడాది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారంను తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది. అంతకుముందే ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు ఇక్కడి మట్టిలో భార లోహాలు ఎక్కువగా ఉన్నాయని చెప్పారు. ఆకుకూరలు అలాంటి లోహాలను కాయల కంటే ఎక్కువగా పీల్చుకుంటాయి. అంటే పురుగుమందు చుక్క పడని తోటకూర కూడా ఏ నీటితో పెరిగిందో అడగకుండా తినలేని బతుకు మాది.

ఇక్కడే పురుగు లెక్కా నీటి లెక్కా కలుస్తాయి. ఉప్పెక్కిన నీళ్ళు పోస్తే ఆకుల అంచులు మాడతాయి, మొక్క గిడసబారుతుంది, కొత్త ఆకు చిన్నగా వస్తుంది. చూసేవాళ్ళకు అది తెగులులాగే ఉంటుంది. ఆ ఆకు పట్టుకొని దుకాణానికి పోతే ఒక సీసా, వారం తర్వాత తగ్గలేదంటే ఇంకో సీసా. పురుగే లేని మొక్కకు పురుగుమందు! ఆకు తిప్పి చూసి, అడుగున ఏ ప్రాణీ లేకుండా అంచు మాత్రమే మాడితే అనుమానించాల్సింది బోరును. మట్టి, నీళ్ళలో ఉప్పు శాతం ప్రభుత్వ ప్రయోగశాలలో చూస్తారు. లోహాలు, మందుల అవశేషాలు మాత్రం మామూలు పరీక్షలో తేలవు. వాటిని చూడాల్సింది కాలుష్య నియంత్రణ మండలి.

కంపెనీలు మూసేయమని మనం అనడం లేదు. మన పిల్లలు ఆ గేట్ల లోపలే షిఫ్టులు చేస్తున్నారు. బీహార్, ఒడిశా నుంచి వచ్చి ఇస్నాపూర్ గదుల్లో ఉండేవాళ్ళు కూడా పెయింట్ డబ్బాల్లో మిరప మొక్కలు పెంచుకుంటున్నారు. వాళ్ళకూ మనకూ కావలసింది ఒకటే. మొక్కకు పోసే నీళ్ళలో ఏముందో చెప్పాలి. ఏటా ఎండాకాలంలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి కాలుష్య ప్రభావిత ఊళ్ళల్లో బోరు నీళ్ళు, పెరటి ఆకుకూరలు పరీక్షించి, ఫలితాలను తెలుగులో పంచాయతీ గోడ మీద అంటించమని మండలిని అడగాలి. ఇప్పటికి ఆ పని చేయించలేకపోవడంలో మన సంఘం తప్పు కూడా ఉంది.

వ్యవసాయ శాఖనూ వదలకూడదు. 5,000 ఎకరాలకు ఒక విస్తరణాధికారిని పెట్టారు. పంట నమోదులో పెరడు లేదు గనుక పెరటి మనిషి వాళ్ళ లెక్కలో రైతే కాదు. రైతు వేదికలు కట్టారు, నెలకోసారి ఆడవాళ్ళను అక్కడ కూర్చోబెట్టి, వాళ్ళు తెంపుకొచ్చిన ఆకులనే చేతిలో పెట్టుకొని ఇది నల్లి, ఇది అక్షింతల పురుగు పిల్ల అని చూపించడానికి కొత్త బడ్జెట్ ఏమీ అక్కర లేదు. దుకాణదారులకు ఏడాది డిప్లొమా ఇచ్చే కోర్సును రాజేంద్రనగర్‌లోని మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టింది. ఆ కోర్సు చదివిన వాళ్ళైనా సరే, వాలిన కొమ్మ చూసి "దీన్ని తుంచెయ్ అక్కా, మందు అక్కర లేదు" అంటే ఆ రోజు వ్యాపారం పోతుంది. సలహా చెప్పేవాడూ సీసా అమ్మేవాడూ ఒకడే అయినంత కాలం ఆ మాట దుకాణంలోంచి వస్తుందని నేను అనుకోను.

వచ్చే నెల రెండో ఆదివారం మండల కమిటీ సమావేశం. ఈసారి ఎజెండాలో ఇది మొదటి అంశం, నవ్విన మిత్రుడే ఒప్పుకున్నారు. వచ్చేవాళ్ళు దుకాణంలో విడిగా కొన్న సీసాలు ఇంట్లో ఉంటే కడగకుండా, మూత గట్టిగా బిగించి, పిల్లలకు అందకుండా ఒక సంచిలో వేసుకొని రండి. ఎన్ని పోగయ్యాయో లెక్కపెట్టి, రశీదులేమీ లేవని రాసి, జిల్లా వ్యవసాయాధికారి బల్ల మీద పెడదాం. బోరు నీళ్ళు కూడా లీటరు సీసాలో తెండి, ఊరి పేరు చీటీ అంటించండి. వేప పండ్లు రాలుతున్నాయి గనుక ఒక సంచి అదనంగా పట్టుకురండి, సమావేశం అయ్యాక స్కూలు వెనక చెట్ల కింద ఏరుకుందాం.